పిల్లి లిట్టర్ బాక్స్ మానేసి మంచాల మీద పోస్తోందా? తిరుపతి ఇళ్ళకు పనికొచ్చే మార్గదర్శి

పరుపు మీద పిల్లి పోసిందంటే ఆ పూట ఇంట్లో పంచాయితీ ఖాయం. "నిన్న తిట్టాను కదా, పగబట్టి పోసింది" అని ఒకరు, "మూతి దాన్లో రుద్ది రెండు తగిలిస్తే తెలిసొస్తుంది" అని ఇంకొకరు, "సంచిలో వేసి చంద్రగిరి అవతల వదిలేసి రండి" అని మూడోవారు. ముగ్గురి మాటా వినకండి. మూత్రం పోసి పగ తీర్చుకోవాలన్న ఆలోచన పిల్లికి ఉండదు. కొడితే దానికి మనమంటే భయం పట్టుకుంటుంది. ఆ తర్వాత మన కంటబడకుండా బీరువా వెనకో, సోఫా కిందో పోయడం మొదలుపెడుతుంది. వాసన ముక్కుకు తగిలేదాకా మనకు తెలియను కూడా తెలియదు.

ఇళ్ళలో పెరిగే పిల్లుల పూర్వీకులు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా వైపు పొడి నేలల్లో బతికిన అడవి పిల్లులు. గోళ్ళతో తవ్వడానికి వీలైన వదులు మట్టిలో పోసి కప్పెట్టడం వాటికి ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే మన వీధుల్లో ఇల్లు కట్టేవాళ్ళు దించిన ఇసుక కుప్ప ఒక్క రాత్రిలో పిల్లుల దొడ్డి అయిపోతుంది. పుట్టుకతోనే ఆ అలవాటున్న పిల్లి, దాని దొడ్డికి మనం పెట్టిన ట్రే (అదే లిట్టర్ బాక్స్) వదిలేసిందంటే ఒంట్లో నొప్పి ఉండాలి, ట్రేయో అందులో పోసే ఇసుకలాంటి లిట్టరో నచ్చకపోవాలి, అక్కడికి వెళ్ళే దారి మూసుకుపోవాలి, లేదా దేనికో భయపడుతుండాలి. వీటిలో ఏదో తేల్చుకోవడమే మన పని. ఒక పద్ధతిలో పోకుండా అన్నీ ఒకేసారి మార్చేస్తే పిల్లి ఇంకా తికమకపడుతుంది, దేనివల్ల బాగుపడిందో మనకూ అంతుబట్టదు.

మొదటి అడుగు: ఒంట్లో ఎలా ఉందో చూడండి

ట్రే జరపడం, లిట్టర్ మార్చడం లాంటివన్నీ తర్వాత. నిన్నటిదాకా చక్కగా వాడుకున్న పిల్లి ఉన్నట్టుండి మానేస్తే ముందు అనుమానించాల్సింది జబ్బునే. మూత్రం పోసేటప్పుడు మంటపుడితే పిల్లి ఆ నొప్పిని ట్రేకి అంటగడుతుంది. అక్కడ కూర్చుంటే నొప్పి పుడుతోందని దాని లెక్క. నొప్పి లేని చోటు వెతుక్కుంటూ సింకులోకి, చల్లటి బండ మీదికి, మెత్తటి దుప్పటి మీదికి పోతుంది.

మగపిల్లి ఉన్నవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. జిగురు, సన్నటి స్ఫటికాలు కలిసి అందులో అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. మాటిమాటికీ ట్రే ఎక్కి దిగుతుంది, ముక్కుతుంది, అరుస్తుంది, కింద నాక్కుంటూనే ఉంటుంది. ట్రేలో చూస్తే ఏమీ ఉండదు, లేదా ఒకటి రెండు చుక్కలు, ఒక్కోసారి ఎర్రగా. కాలుగాలిన పిల్లి అంటాం చూడండి, అచ్చం అలాగే తిరుగుతుంది. మలబద్ధకం అనుకుని ఆముదం పట్టి, తెల్లారాక చూద్దాం అనుకునేవాళ్ళు చాలామంది. తెల్లారేదాకా ఆగకండి. మూత్రం ఆగితే రక్తంలో పొటాషియం పేరుకుపోయి గుండె లయ తప్పుతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. వాంతులు చేసుకుని, ఒళ్ళు చల్లబడి మూల పడుకుందంటే అప్పటికే పరిస్థితి చెయ్యి దాటుతున్నట్టు. నొప్పి తగ్గుతుందని పారాసెటమాల్ వేయకండి. పిల్లి కాలేయం ఆ మందును అరిగించుకోలేదు, ఒక్క మాత్ర కూడా చంపేయవచ్చు.

తిరుపతివాళ్ళకు ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. 1955లో మొదలైన పశువైద్య కళాశాల ఊళ్ళోనే ఉంది. ఇప్పుడది 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. ఆవుల్ని, మేకల్ని తెచ్చే ఆ ఆసుపత్రిలో పిల్లుల్నీ చూస్తారు. పిల్లిని చేతుల్లో పట్టుకుని ఆటోలో వెళ్ళకండి, ఒక్క హారన్‌కి గీరి దూకేస్తుంది. మూత ఉన్న బుట్టలో పెట్టి పైన తువ్వాలు కప్పండి. డాక్టరు అడిగేవి ఇవే: ఎప్పటినుంచి, రోజుకు ఎన్నిసార్లు, ఎంతెంత, రంగు ఎలా ఉంది, నీళ్ళు ఎక్కువ తాగుతోందా, తిండి ఏమిటి. పోయడానికి కూర్చున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే మాటలకంటే ఎక్కువ పనికొస్తుంది.

ఆడపిల్లుల్లో నాళం పూర్తిగా మూసుకుపోవడం అరుదు, కానీ మూత్రాశయం వాపు వాటికీ వస్తుంది. వయసులో ఉన్న పిల్లుల్లో ఈ వాపుకు సూక్ష్మక్రిములు కారణం కావడం తక్కువ, టెన్షన్ పెద్ద కారణం. కాబట్టి మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగి తెచ్చి వేస్తే పనిచేయదు, మూత్ర పరీక్ష చేయించాలి. పదేళ్ళు దాటిన పిల్లి అయితే కిడ్నీలు, షుగరు, థైరాయిడ్ కూడా చూపించండి. ఈ జబ్బులున్న పిల్లులు నీళ్ళు బాగా తాగి బకెట్ల కొద్దీ పోస్తాయి, ట్రే రోజంతా తడిగానే ఉంటుంది. కీళ్ళ నొప్పులున్న ముసలి పిల్లికి ట్రే గోడ దాటడమే కష్టం. పర్షియన్ జాతిలో కిడ్నీలో నీటితిత్తులు పెరిగే జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. ఆ పిల్లుల్లో ఇంకో చిన్న బాధ కూడా ఉంది: వెనక తొడల దగ్గర పొడవాటి బొచ్చుకు మలం అంటుకుని, ట్రే అంటేనే చిరాకు పుడుతుంది. అక్కడి బొచ్చు కత్తిరించి చూడండి.

రెండో అడుగు: కూర్చుని పోస్తోందా, నిలబడి చల్లుతోందా

రెండూ వేరు. తోక నిలువుగా ఎత్తి వణికిస్తూ, నిలబడి, గోడ మీదో తలుపు మీదో బీరువా మీదో కొంచెం చిమ్మితే అది ఇక్కడ నేనున్నానని సరిహద్దు గీసుకోవడం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని గండుపిల్లి పని ఎక్కువగా ఇదే. ఆరు నెలల లోపు ఆపరేషన్ చేయిస్తే అసలు అలవాటే పడకపోవచ్చు. ముదిరాక చేయించినా పదింట తొమ్మిది మగపిల్లుల్లో చల్లడం ఆగిపోతుంది, లేదా బాగా తగ్గుతుంది. ఎదకొచ్చిన ఆడపిల్లీ చల్లుతుంది. దానికీ అదే మందు. ఆపరేషన్ అయ్యాక కూడా చల్లుతోందంటే కిటికీ బయట ఏ పిల్లి తిరుగుతోందో చూడండి. ప్రహరీ మీద కూర్చుని లోపలికి తొంగిచూసే వీధి పిల్లి ఒక్కటి చాలు, ఇంటి పిల్లి గుమ్మాలన్నీ తడిపేయడానికి. కింది అద్దానికి కాగితం అంటించి అది కనబడకుండా చేయండి, వాకిట్లో వీధి పిల్లికి అన్నం పెట్టే చోటు దూరంగా మార్చండి.

కిందికి కూర్చుని, నేల మీద, బాగా మడుగు కట్టేలా పోస్తే అది మామూలుగా పోయడమే. మిగతా అడుగులన్నీ దాని గురించే.

మూడో అడుగు: ఎక్కడ పోస్తోందో రాసిపెట్టుకోండి

నా మట్టుకు ఈ మొత్తంలో అన్నిటికంటే విలువైన పని ఇదే, ఎక్కువమంది దాటేసేదీ ఇదే. వాసన వచ్చిన చోటల్లా కడిగేసి మర్చిపోతారు. ఒక వారం పాటు క్యాలెండర్ మీదే రాయండి: ఏ గది, దేని మీద, ఏ పూట, ఇంట్లో అప్పుడు ఏం జరుగుతోంది. వారం తిరిగేసరికి అందులోనే జవాబు కనబడుతుంది.

పరుపు, దిండ్లు, విడిచిన బట్టల కుప్ప మీద పోస్తోందంటే ట్రేలో ఉన్నది దాని కాలికి గరుకుగా తగులుతూ ఉండొచ్చు. భయపడిన పిల్లి కూడా మనిషి వాసన ఉన్న చోటే పోస్తుంది. బాత్రూమ్ జాలీ దగ్గర, సింకులో, నున్నటి టైల్స్ మీద అయితే దానికి నున్నటి చల్లదనం కావాలి. ఒక ట్రేలో లిట్టర్ బాగా పలచగా, అడుగు కనబడేలా వేసి చూడండి. మూత్రంలో మంట ఉన్నా ఇలాగే చేస్తుంది కాబట్టి మొదటి అడుగు మరవకండి.

తులసికోటలో పోసిందంటే ఇంట్లో పెద్దావిడ ముందు పిల్లిని కాపాడుకోవడమే పెద్ద పని. కోటలోనూ పూలకుండీల్లోనూ మట్టి పైన గులకరాళ్ళు పరిస్తే తవ్వడానికి వీలుండదు, మొక్కకు నీళ్ళూ అందుతాయి. దాంతోపాటు ట్రేలో లిట్టర్ మీద రెండు గుప్పిళ్ళ తోట మట్టి చల్లండి. పిల్లి మట్టి కోసమే అక్కడికి పోయింది కాబట్టి ట్రేకి వచ్చేస్తుంది. తర్వాత రోజురోజుకీ మట్టి తగ్గించుకుంటూ పోవచ్చు.

ట్రే పక్కనే, అంగుళాల దూరంలో పోస్తే చోటుతో గొడవ లేదు. ట్రే చిన్నదో, మురికిదో, లిట్టర్ నచ్చనిదో అయ్యుంటుంది. ఇది తేల్చడానికి కాసేపు దూరంగా నిలబడి గమనించండి. సుఖంగా ఉన్న పిల్లి లోపలికి వెళ్ళి, వాసన చూసి, తవ్వి, చుట్టూ తిరిగి, కూర్చుని, పని అయ్యాక తీరిగ్గా కప్పెడుతుంది. నచ్చని పిల్లి ముందుకాళ్ళు ట్రే అంచు మీదే ఉంచుతుంది. తవ్వదు, కప్పెట్టదు. అరికాళ్ళు విదిలించుకుంటూ ఒక్క దూకు దూకి బయటపడుతుంది. లిట్టర్‌ని వదిలేసి ట్రే ప్లాస్టిక్ గోడనో పక్కన నేలనో గీకే పిల్లులూ ఉన్నాయి. అవి కూడా లిట్టర్ వద్దనే చెబుతున్నాయి.

మూత్రం ట్రేలో, మలం బయట అంటే చాలాసార్లు రెండో ట్రే పెడితే సరిపోతుంది. రెండు పనులకు రెండు చోట్లు కోరే పిల్లులు ఎక్కువే. మలం గట్టిగా, ఉండలుగా వస్తోందా అన్నది కూడా చూసుకోండి.

నాలుగో అడుగు: ట్రే

దుకాణాల్లో అమ్మే ట్రేలు చాలావరకు చిన్నవి. ముక్కు నుంచి తోక మొదలు దాకా పిల్లి ఎంత పొడవుందో కొలిచి, దానికి ఒకటిన్నర రెట్లు పొడవుండే ట్రే చూడండి. పెరిగిన పిల్లి 18 అంగుళాలుంటే ట్రే 27 అంగుళాలుండాలి. అంత పెద్దది దొరక్కపోతే బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని, మూత పక్కన పడేసి, ఒకవైపు గోడను నాలుగైదు అంగుళాల ఎత్తు మాత్రమే మిగిలేలా కోసి, అంచు గరుకుకాగితంతో రుద్దితే సరి. ఖరీదైన ట్రేకంటే ఇదే మేలు. పిల్లకూనలకీ ముసలి పిల్లులకీ గుమ్మం మూడు అంగుళాలకి మించకూడదు. గుడిసెలా మూత ఉన్న డబ్బాలు మన ముక్కు కోసం చేసినవి, పిల్లి ముక్కు కోసం కాదు. లోపల వాసన ఆవిరిలా పట్టుకుపోతుంది, బయట ఎవరున్నారో దానికి కనబడదు. పాత ట్రే గీతలు పడి, ఎంత కడిగినా కంపు వదలకపోతే పారేసి కొత్తది కొనండి.

ఎన్ని ట్రేలు? పిల్లులెన్నో అన్నిటికీ తలా ఒకటి, పైన ఇంకొకటి. ఒక్క పిల్లికి రెండా అని నొసలు చిట్లించకండి. ఈ సమస్య మొదలైన ఇంట్లో రెండో ట్రే పెట్టడమే అన్నిటికంటే చవకైన వైద్యం.

ఐదో అడుగు: లిట్టర్

ఎక్కువ పిల్లులు కోరేది సన్నగా ఇసుకలా ఉండి, తడిస్తే గడ్డకట్టే బెంటోనైట్ మట్టి. వాసన కలిపినది వద్దు. లావెండర్, నిమ్మ వాసన మనకు బాగుంటుందేమో గానీ మనకంటే ఎన్నో రెట్లు పదునైన ముక్కున్న ప్రాణికి అది భరించలేని ఘాటు. చెక్క గుళికలు, సిలికా ముత్యాలు కొన్ని పిల్లులకు పడతాయి. కూనప్పటి నుంచి అలవాటైతే ఇబ్బంది లేదు, పెద్దయ్యాక మార్చితేనే పేచీ.

మన దగ్గర ఎక్కువమంది వాడేది ఇసుక. స్వర్ణముఖి ఇసుకో, పక్కింటి కట్టుబడి దగ్గర అడిగి తెచ్చిన రెండు బొచ్చెలో. పిల్లికి ఇసుక ఇష్టమే, అందులో తప్పేమీ లేదు. కానీ ఇసుక గడ్డకట్టదు, మూత్రం అడుగుకు దిగి నిలవుంటుంది. పైపైన మలం తీసేసి బాగానే ఉందనుకుంటాం, కింద ఊబిలా ఉంటుంది. వీధి కుప్పలోది అయితే ఇంకో పిల్లి వాసన కూడా వెంట వస్తుంది, దాంతో మన పిల్లి చల్లడం మొదలుపెట్టవచ్చు. ఇసుకే వాడాలంటే జల్లించి, కడిగి, మేడ మీద ఎండబెట్టి పోయండి. రెండు రోజులకోసారి మొత్తం మార్చండి. వరి ఊక, రంపపు పొట్టు కాలికి అంటుకుని ఇల్లంతా పరుచుకుంటాయి కాబట్టి నేను వాటిని సిఫారసు చేయను.

ఏది నచ్చుతుందో పిల్లినే అడగవచ్చు. రెండు ట్రేలు పక్కపక్కన పెట్టి రెండు రకాలు వేసి, ఏది ఎక్కువ వాడుతోందో వారం చూడండి. తేలాక పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ పది రోజుల్లో మార్చండి. లోతు రెండు అంగుళాలు చాలు. రోజుకు రెండుసార్లు, లేదంటే కనీసం ఒకసారి, గడ్డలు తీసేయాలి. తీసినవి కాగితంలో చుట్టి చెత్త బండికి వేయండి. గడ్డకట్టే మట్టి టాయిలెట్‌లో పోస్తే పైపు మూసుకుపోతుంది. రెండు మూడు వారాలకోసారి మొత్తం పారబోసి ట్రేని వేడినీళ్ళు, కొంచెం గిన్నెల సబ్బుతో కడిగి ఎండబెట్టండి.

ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని ఇంకొకరు చేయాలి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉంటే అది ఒక రోజు నిలవుంటే గానీ అంటుకునే దశకు రాదు. రోజూ తీసేస్తే ముప్పు బాగా తగ్గిపోతుంది. దీనికి భయపడి పిల్లిని వదిలించుకోనక్కర్లేదు.

ఆరో అడుగు: చోటు (తిరుపతి ఇళ్ళ అసలు సమస్య)

రెండు పడకగదుల ఇంట్లో ట్రే ఎక్కడ పెడతాం? బాత్రూమ్‌లో. మామూలు రోజుల్లో బాగానే నడుస్తుంది. కానీ ఇది తిరుపతి. దర్శనానికని కాకినాడ నుంచో కరీంనగర్ నుంచో చుట్టాలు దిగని నెల ఉండదు, బ్రహ్మోత్సవాలప్పుడైతే హాల్లో చాపలు పరిచి పడుకుంటారు. తెల్లవారుజామున మూడింటికి లైట్లు, గీజరు, బకెట్ల చప్పుడు. కొండకు పోయేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు స్నానానికి.

బైరాగిపట్టెడలో తెలిసినవాళ్ళ ఇంట్లో ఇలాంటి పూటే, ఊరి నుంచి వచ్చిన మరదలు బ్యాగు తెరిచి చూస్తే పట్టుచీర తడి. "ఏందక్కా, వచ్చిన పూటే దీనికి నా బ్యాగే దొరికిందా?" అని ఆమె లబలబలాడింది. ఆ ఇంటావిడ నిమ్మళంగా, "మీ ఆయన గడియ పెట్టుకొని గంటసేపు లోపలుంటే అది యాడికి పోవాల?" అంది. ఆ గంటలో పిల్లి తలుపు దగ్గర ఎన్నిసార్లు అరిచిందో వినే తీరిక ఎవరికీ లేకపోయింది. కొత్త మనుషుల వాసన ఉన్న మెత్తటి వస్తువు, జిప్పు తెరిచి నేల మీద. అంతకంటే ఏం కావాలి?

కాబట్టి ట్రే బాత్రూమ్‌లో ఉంటే రెండోది ఎవరూ గడియ పెట్టని చోట తప్పకుండా ఉండాలి. పడకగది మూల, మెట్ల కింద, హాల్లో బీరువా పక్కన. తిండి గిన్నె పక్కన వద్దు. అన్నం తినే చోట దొడ్డికి పోవడం పిల్లికి ఇష్టం ఉండదు. వాషింగ్ మెషీన్ పక్కన, నీళ్ళ మోటారు పక్కన వద్దు. కూర్చున్నప్పుడు ఒక్కసారి మోటారు గుర్రుమంటే చాలు, జన్మలో అటు పోదు. పారిపోవడానికి రెండు దారులున్న చోటైతే మంచిది, ముఖ్యంగా ఇంట్లో ఇంకో పిల్లో కుక్కో ఉన్నప్పుడు. మేడ ఉన్న ఇల్లయితే అంతస్తుకు ఒకటి. ఒకే మూల మూడు ట్రేలు వరుసగా పెడితే పిల్లి లెక్కలో అవి ఒకటే. జబర్దస్తీ చేసే పిల్లి గుమ్మంలో కూర్చుంటే మిగతావాటికి మూడూ లేనట్టే.

బాల్కనీ సంగతి కూడా చెప్పాలి. మే నెల మధ్యాహ్నం మన బాల్కనీలో బండ కాళ్ళు కాల్చేస్తుంది, ప్లాస్టిక్ ట్రే కూడా అంతే. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాలకు జల్లు కొట్టి లిట్టర్ బురదవుతుంది. "వేసవి నుంచే మొదలైంది", "వానల్లోనే ఇలా చేస్తోంది" అనేవాళ్ళు ముందు బాల్కనీలోకి వెళ్ళి ట్రేలో చెయ్యి పెట్టి చూడండి.

చుట్టాలు వస్తున్నారని తెలిస్తే ముందు రోజే ఒక గదిలో ట్రే, నీళ్ళు, తిండి, పడుకునే గుడ్డ పెట్టి పిల్లిని అందులో ఉంచండి. బ్యాగులు నేల మీద కాకుండా మంచం మీద, జిప్పు వేసి పెట్టమని చెప్పండి. దీపావళికీ, మే నెలలో గంగమ్మ జాతర డప్పులు వీధిలో మోగేటప్పుడూ ఇదే ఏర్పాటు.

ఏడో అడుగు: పోసిన చోటు శుభ్రం చేయడం

ఇక్కడ మన అలవాటు పిల్లికి ప్రాణాంతకం కావచ్చు. శుక్రవారం ఇల్లు కడిగేటప్పుడు బకెట్లో ఫినాయిల్ పోయడం, పిల్లి పోసిన చోట ఇంకా చిక్కగా పోయడం. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాల్ని విడగొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి, తర్వాత అరికాళ్ళు నాక్కుంటుంది. నీళ్ళలో పోస్తే తెల్లగా మారే యాంటీసెప్టిక్ ద్రవాలు కూడా ఇదే కోవలోవి. పిల్లి దగ్గరికి రాకూడదని మూలల్లో కలరా ఉండలు వేయడం మరీ ప్రమాదం. బ్లీచింగ్ పౌడర్ మూత్రం మీద చల్లితే మూత్రంలోని అమ్మోనియాతో కలిసి విషవాయువు వస్తుంది. అది మనకూ మంచిది కాదు.

పిల్లి మూత్రంలోని యూరిక్ ఆమ్లం నీళ్ళకూ సబ్బుకూ సరిగా కరగదు. ఎండాకాలం వాసన పోయిందనుకుంటాం, వాన తేమ తగలగానే మళ్ళీ లేస్తుంది. మన ముక్కుకు అందకపోయినా పిల్లికి అందుతుంది, ఇది దొడ్డి అని గుర్తుపట్టి మళ్ళీ అక్కడే పోస్తుంది. దీన్ని విడగొట్టేవి ఎంజైమ్ క్లీనర్లు. పెంపుడు జంతువుల సామాను అమ్మే చోట్లా, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి.

పద్ధతి ఇది. తడి ఉండగానే పాత కాగితాలు, నూలు గుడ్డతో అద్ది పీల్చేయండి, రుద్దకండి. మామూలు నీళ్ళతో ఒకసారి తడిపి మళ్ళీ అద్దండి. తర్వాత ఎంజైమ్ ద్రవం ధారాళంగా పోసి సీసా మీద రాసినంతసేపు వదిలేయండి. పరుపైతే మూత్రం ఎంత లోతుకు దిగిందో ద్రవమూ అంత లోతుకు దిగాలి, పైపైన స్ప్రే కొడితే లాభం లేదు. ఆరేదాకా అటు పిల్లిని రానివ్వకండి. తెల్ల వెనిగర్ సగం, నీళ్ళు సగం కలిపి తుడిచి, ఆరాక తినే సోడా చల్లడం చవకైన దారి, వాసన కొంత తగ్గుతుంది. కానీ నేల కడప బండో పాలరాయో అయితే వెనిగర్ వద్దు. రెండూ సున్నపు జాతి రాళ్ళే, పులుపు తగిలితే మెరుపు పోయి మచ్చ పడుతుంది. బాత్రూమ్ యాసిడ్ సంగతి చెప్పనక్కర్లేదు. పాత మచ్చలు ఎక్కడున్నాయో తెలియకపోతే రాత్రి లైట్లార్పి అతినీలలోహిత టార్చి వేయండి, ఎండిన మూత్రం వెలుగుతుంది. కొందరి ఇళ్ళలో ఆ రాత్రి సోఫా చరిత్ర అంతా బయటపడుతుంది.

శుభ్రం చేశాక ఆ చోటుకు ఇంకో పని అప్పగించండి. పిల్లి తిండి గిన్నె అక్కడ పెట్టండి, లేదా దాని పడక వేయండి. అదీ కుదరకపోతే ఒక ట్రే తెచ్చి సరిగ్గా అక్కడే పెట్టండి.

ఎనిమిదో అడుగు: మళ్ళీ అలవాటు చేయడం

పై మార్పులతో చాలా పిల్లులు రెండు మూడు వారాల్లో దారికొస్తాయి. నెలల తరబడి పరుపుకే అలవాటుపడ్డదాన్ని కొన్నాళ్ళు చిన్న గదిలో ఉంచాలి. జైలు పెట్టినట్టు కాదు. కిటికీ, పడక, నీళ్ళు, ఆటవస్తువులు ఉండాలి, మీరు రోజూ కొన్ని గంటలు అందులో కూర్చోవాలి. తిండి ఒక మూల, ట్రే ఎదుటి మూల. నేల మీద దుప్పట్లు, బట్టలు, కాలిపట్టాలు లేకుండా చూడండి. వారం, పది రోజులు తప్పకుండా ట్రేలోనే పోస్తే, మీరు ఇంట్లో ఉన్నప్పుడు ఇంకో గది తెరవండి. అక్కడా సరిగా ఉంటే మూడోది. పడకగది అన్నిటికంటే చివర.

ట్రేలోంచి దిగిన వెంటనే దానికి ఇష్టమైనది చిన్న ముక్క పెట్టండి. ఆలస్యం చేస్తే దేనికి పెట్టారో దానికి తెలియదు. ఎత్తుకెళ్ళి బలవంతంగా ట్రేలో కూర్చోబెట్టకండి, కాళ్ళు పట్టుకుని తవ్వించకండి. పిల్లకూన అయితే నిద్ర లేవగానే, తినగానే ట్రే దగ్గర దించి వదిలేస్తే చాలు.

తిండి మాటా ఇక్కడే. శాకాహారుల ఇళ్ళలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం పెట్టడం చూస్తుంటాం. పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పడతాయి. ఉరుకుతూ ట్రే చేరేలోపే అయిపోతుంది. అదీగాక మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం లేకపోతే పిల్లికి చూపు, గుండె దెబ్బతింటాయి. ఇంట్లో వండలేకపోతే పిల్లుల కోసం తయారైన ఆహారం కొనండి. తడి ఆహారం, నాలుగు చోట్ల నీళ్ళ గిన్నెలు ఉంటే మూత్రం పలచబడి మంట, స్ఫటికాలు తగ్గుతాయి. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో ఇది మరీ అవసరం.

ఇంత చేసినా నెల దాటి మార్పు లేకపోతే రాసుకున్న క్యాలెండర్ పట్టుకుని మళ్ళీ డాక్టరు దగ్గరికే వెళ్ళండి. టెన్షన్ తగ్గించే మందులు పిల్లులకూ ఉన్నాయి, డాక్టరు బరువు చూసి రాస్తారు. మనుషుల మాత్రలు సగం విరిచి వేసే ప్రయోగాలు వద్దు.

అంతా కుదురుకున్నాక, మంచం పక్కనున్న ట్రేని మీకు కావలసిన మూలకు చేర్చాలంటే ఒక్కసారిగా ఎత్తి పెట్టకండి. రోజుకు అర అడుగు చొప్పున జరపండి. మధ్యలో ఎక్కడైనా మళ్ళీ బయట పోసిందంటే, ట్రే చివరిసారి సవ్యంగా వాడిన చోటికి వెనక్కి తెచ్చి, వారం ఆగి, మళ్ళీ జరపడం మొదలుపెట్టండి.